హనుమకొండ నుంచి బెర్లిన్‌కు: అద్దె ఇంట్లో దిగేవారికి సూచనలు

వరంగల్, హనుమకొండల నుంచి చదువు కోసం బెర్లిన్ చేరి అద్దె ఫ్లాటు తీసుకున్నవారు, సామాను సర్దుకోవడానికి ముందే, తాము ఆ ఇంట్లో దిగినట్లు యజమాని ధ్రువీకరించే కాగితాన్ని అడిగి తీసుకోవాలి. ఎందుకంటే దిగిన 2 వారాలలోగా చిరునామాను నమోదు చేయించుకోవాలని జర్మనీ చట్టం నిర్దేశిస్తుంది, అందుకు ఆ కాగితం తప్పనిసరి.

అడ్వాన్సు విషయంలో తొందరపడరాదు. హీటింగు వంటి ఖర్చులు కలపని అద్దెకు 3 రెట్లు మించి అడిగే హక్కు యజమానికి లేదు. ఆ మొత్తాన్ని సైతం 3 నెలసరి వాయిదాలలో చెల్లించవచ్చు. ఇల్లు చూపకుండానే డబ్బు పంపమనేవారిని, వారు మన జిల్లావారే అయినా, నమ్మకూడదు. తాళాలు అందుకునే రోజున గోడల మీది గీతలను, మీటరు రీడింగులను ఫోటో తీసి, అప్పగింత పత్రంలో రాయించాలి.

చాలా ఫ్లాట్లలో వంటగది దాదాపు ఖాళీగా ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చిన మిక్సీ అక్కడి 230 వోల్టులకు పనిచేస్తుంది గాని, మన మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టరు కావాలి. సాధారణంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటిస్తారు కనుక, పచ్చిపులుసులోకి నువ్వుల పొడి పట్టడం వంటి పనులను పగలే ముగించుకోవాలి. చలికాలంలో కిటికీలు మూసే ఉంచితే గోడలకు బూజు పడుతుంది, దానికి అద్దెదారునే బాధ్యుణ్ణి చేసే ప్రమాదముంది. అందువల్ల రోజూ కొన్నిసార్లు, 5 నుంచి 10 నిమిషాలపాటు, వాటిని పూర్తిగా తెరవాలి.