కారు ఏసీలో వేడిగాలి వస్తోందా? గ్యాస్ పట్టించే ముందు ఇవి చూడండి

ఏసీ చల్లదనం తగ్గగానే ఎవరి నోటైనా వచ్చే మొదటి మాట ‘గ్యాస్ అయిపోయినట్టుంది’. గ్యాస్ పెట్రోలులా మండి ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల నుంచి, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ షాఫ్ట్ సీలు నుంచి కాస్త కాస్త పోవడం మామూలే. ఏడాది తిరక్కుండానే తగ్గిందంటే మాత్రం లీకు ఉన్నట్టే. అసలు తగ్గనే తగ్గకపోతే లోపం ఇంకెక్కడో ఉంది. ఏది నిజమో చాలావరకు చేత్తో తాకి తేల్చుకోవచ్చు.

ముందు కొలవండి. ఇంజిన్ వేడెక్కాక ఏసీని పూర్తి చల్లదనంలో, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్‌లో, బ్లోయర్‌ను మధ్యస్థంగా పెట్టి తలుపులు, అద్దాలు మూయండి. 1,500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు నడిపి, డ్యాష్‌బోర్డు మధ్యలో గాలి వచ్చే వెంటులో థర్మామీటర్ ఉంచండి. బయట 30 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు లోపల 10కి అటూ ఇటూ చూపిస్తే ఏసీ బాగున్నట్టే. 15 దాటితే బానెట్ ఎత్తాలి.

ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలోంచి రెండు అల్యూమినియం పైపులు లోపలికి వెళ్తాయి. లావుపాటిది చల్లగా, చెమట పట్టినట్టుండాలి. సన్నది వెచ్చగా ఉండాలి. ఇంజిన్ తిరుగుతుండగా చెయ్యి పెడుతున్నారు కాబట్టి బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండండి. కంప్రెసర్ నుంచి, కారు ముందు భాగంలో వేడిని బయటకు వదిలే కండెన్సర్‌కు పోయే పైపు మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది.

లావు పైపు చల్లగానే ఉండి వెంటులో వేడిగాలి వస్తే గ్యాస్ జోలికే పోనక్కర్లేదు. డ్యాష్‌బోర్డు లోపల వేడినీ చల్లదనాన్నీ కలిపే బ్లెండ్ డోర్ ఇరుక్కుని ఉంటుంది. టెంపరేచర్ నాబ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ వినండి. టిక్ టిక్‌మని చప్పుడొస్తే ఆ డోర్‌ను తిప్పే చిన్న మోటారు యాక్చుయేటర్‌లో ప్లాస్టిక్ పళ్లు విరిగి ఉండే అవకాశం ఎక్కువ. ఒకవైపు చల్లగా, మరోవైపు వెచ్చగా వచ్చినా ఇదే అనుమానించాలి. అయితే గ్యాస్ తక్కువైనప్పుడూ, డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ ఒక భాగమే చల్లబడి ఇలాగే కనిపిస్తుంది.

లావు పైపు చల్లబడలేదా? అప్పుడు కంప్రెసర్ చూడాలి. ఏసీ వేయగానే కంప్రెసర్‌ను పుల్లీతో కలిపే క్లచ్ టక్‌మని పట్టి, పుల్లీ ముందున్న ప్లేటు కూడా తిరగాలి. కొన్ని కొత్త మోడళ్లలో క్లచ్ ఉండదు, వాటిలో ఈ శబ్దం కోసం చూడకండి. ప్లేటు తిరక్కపోతే ఫ్యూజు చూసి, క్లచ్‌కు కరెంటు పంపే స్విచ్ లాంటి రిలేను పక్కనున్న అదే నంబరు రిలేతో మార్చి చూడండి. అదీ కాకపోతే క్లచ్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టులు వస్తున్నా పట్టకపోతే కాయిల్ పోయిందో, ప్లేటుకూ పుల్లీకీ మధ్య గ్యాప్ పెరిగిందో. కాయిల్ సాధారణంగా 3 నుంచి 5 ఓములు చూపిస్తుంది. గ్యాప్ చాలా కంప్రెసర్లలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు. చల్లగా ఉన్నప్పుడు పట్టి, వేడెక్కాక వదిలేస్తుంటే తప్పు ఎక్కువగా గ్యాప్‌దే. ప్లేటు వెనకున్న సన్నటి రేకు (షిమ్) ఒకటి తీస్తే సరిపోతుంది.

వోల్టేజీయే రాకపోతే ప్రెషర్ స్విచ్ అడ్డుకుంటూ ఉండొచ్చు. గ్యాస్ మరీ తగ్గితే అది కావాలనే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. దాన్ని వైరుతో కలిపి బలవంతంగా నడపకండి. కంప్రెసర్‌కు నూనె చేరేది గ్యాస్ మోసుకెళ్తేనే, గ్యాస్ లేకుండా నడిస్తే పట్టేస్తుంది.

కారు కదులుతుంటే చల్లగా, ఆగితే వేడిగా వస్తుందా? కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. తిరుగుతున్నా ఫలితం లేకపోతే కండెన్సర్‌పై మెల్లగా నీళ్లు పోయండి. వెంటులో చల్లదనం వెంటనే పెరిగితే కండెన్సర్‌కు గాలి సరిగా తగలడం లేదని అర్థం. రేకుల మధ్య మట్టిని తక్కువ ఒత్తిడి నీళ్లతో, వీలైతే లోపలి నుంచి బయటకు కడగాలి. ప్రెషర్ వాషర్ రేకుల్ని వంచేస్తుంది.

మొదట చల్లగా వచ్చి, అరగంటకు గాలి రావడమే తగ్గిపోతే ఎవాపరేటర్ మీద మంచు కడుతోంది. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం 15 నిమిషాలు నడిపితే గాలి మళ్లీ వస్తుంది. క్యాబిన్ ఫిల్టర్, ఎవాపరేటర్ సెన్సర్ చూడండి.

ఇక ఒత్తిడి కొలిచే గేజులు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు చాలా కార్లలో వాడే ఆర్134ఏ గ్యాస్ 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్‌ఐ చూపిస్తుంది. వ్యవస్థలో కొంచెం ద్రవం మిగిలున్నా అంకె ఇంతే కాబట్టి దీన్ని చూసి గ్యాస్ నిండుగా ఉందనుకోకండి. నడుస్తుండగా తక్కువవైపు (కంప్రెసర్‌లోకి వచ్చే వైపు) 25–45, ఎక్కువవైపు (కంప్రెసర్ నుంచి బయటకు పోయే వైపు) 150–250 పీఎస్‌ఐ సాధారణం, ఎండ పెరిగితే ఇవీ పెరుగుతాయి. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. తక్కువవైపు పెరిగి, ఎక్కువవైపు పడిపోతే కంప్రెసర్ నొక్కడం లేదు. తక్కువవైపు వాక్యూమ్‌లోకి జారితే గ్యాస్‌ను ఎవాపరేటర్‌లోకి కొద్దికొద్దిగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయి ఉండొచ్చు. రెండూ ఎక్కువైతే కండెన్సర్ వేడిని వదల్లేకపోతోంది, లేదా గ్యాస్ ఎక్కువైంది, లేదా లోపల గాలి చేరింది.

లీకున్న చోట జిడ్డు మరక, దాని మీద దుమ్ము కనిపిస్తాయి. జాయింట్లు, సర్వీస్ వాల్వులు, కంప్రెసర్ ముక్కు, కండెన్సర్ ముందు భాగం వెతకండి. లీకు ఆపుతామనే సీలెంటు డబ్బాలు వద్దు, వాల్వులూ సర్వీసు యంత్రాలూ మూసుకుపోతాయి. మిగిలిన గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా రికవరీ యంత్రంతో తీయించి, కొత్త ఓ-రింగుకు కంప్రెసర్ నూనె రాసి బిగించండి. వ్యవస్థ తెరిచారంటే తేమను పీల్చే డ్రైయర్ కూడా మార్చాలి. తర్వాత 30–45 నిమిషాలు వాక్యూమ్ లాగి, పంపు ఆపి 15 నిమిషాలు చూడండి. ముల్లు వెనక్కి వస్తే ఇంకా లీకుంది.

గ్యాస్‌ను గేజు చూసి కాదు, బానెట్ కింది స్టిక్కర్‌లో ఉన్న గ్రాముల లెక్కన తూకమేసి నింపాలి. చిన్న కార్లలో అది అర కిలోకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 50 గ్రాముల తేడా కూడా తెలుస్తుంది. కొన్ని కొత్త కార్లలో ఉండే ఆర్1234వైఎఫ్ గ్యాస్‌లో ఆర్134ఏ కలపకూడదు, ఆర్1234వైఎఫ్ కొద్దిగా మండే గుణమున్న గ్యాస్ కూడా. కళ్లద్దాలు, చేతొడుగులు తప్పనిసరి. ఇంజిన్ నడుస్తుండగా డబ్బాతో నింపుతుంటే గేజులోని ఎర్ర వాల్వ్ ఎప్పుడూ తెరవకండి, ఎక్కువవైపు ఒత్తిడికి డబ్బా పేలిపోతుంది. పని అయ్యాక సర్వీస్ వాల్వుల మీద సబ్బునీళ్లు వేసి చూసి, మూతలు బిగించండి. దుమ్మును ఆపడమే కాదు, లోపలి వాల్వు కారితే గ్యాస్‌ను నిలబెట్టేదీ ఆ మూతలే.