ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కింది, వై-ఫై రాలేదు: తేడా ఎక్కడో పట్టుకోవడం

రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ ఫ్లాష్ చేశారు (ఎక్కించారు). కేబుల్ మీద నెట్ బాగానే ఉంది, వై-ఫై మాత్రం లేదు. ముందు చిన్న విషయం తేల్చుకోండి: చాలా రౌటర్లలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వై-ఫైని ఆపేసే ఇస్తుంది. లూసీలో (దాని సెట్టింగుల వెబ్ పేజీలో) వైర్‌లెస్ పేజీకి వెళ్ళి ఎనేబుల్ నొక్కగానే వచ్చేస్తే మిగతాది చదవక్కర్లేదు.

రాకపోతే ఛానళ్ళు, పాస్‌వర్డ్‌లు కెలక్కండి. ఎస్ఎస్‌హెచ్‌తో రౌటర్ కమాండ్ లైన్‌లోకి లాగిన్ అయి, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) రాసే సందేశాలు చూపించే 'డీమెస్గ్' కమాండ్ కొట్టండి. వై-ఫై లేవాలంటే చాలా చిప్‌లలో మూడు కుదరాలి: కెర్నల్‌లో ఎక్కే డ్రైవర్, రేడియో చిప్‌లోకి డ్రైవర్ ఎక్కించే బ్లాబ్ (సోర్స్ లేని బైనరీ ఫైల్), మీ రౌటర్ ఒక్కదానికే ఫ్యాక్టరీలో రాసిన కాలిబ్రేషన్ డేటా (రేడియో సిగ్నల్ కొలతలు). రౌటర్‌లో వేసే ఇమేజ్‌నీ, చిప్‌లోకి వెళ్ళే బ్లాబ్‌నీ కూడా మనం 'ఫర్మ్‌వేర్' అనే అంటాం. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

లక్షణం: లూసీలో వైర్‌లెస్ మెనూయే లేదు

అంటే ఏ డ్రైవరూ చిప్‌ని పట్టుకోలేదు. పీసీఐయుటిల్స్ ప్యాకేజీ వేసి 'ఎల్ఎస్‌పీసీఐ'తో చిప్ పేరు చూడండి. ఏథరోస్, మీడియాటెక్ అయితే డ్రైవర్ ప్యాకేజీ పడలేదేమో చూసుకుంటే చాలు. బ్రాడ్‌కామ్ అయితే కాస్త కూర్చోండి.

ఇది పాత పంచాయితీ. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ సోర్స్ కోడ్ 2003లో బయటికి వచ్చింది, దాని మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. కానీ ఆ కోడ్‌లో వై-ఫై డ్రైవర్ సోర్స్ లేదు. 'డబ్ల్యూఎల్' అనే బైనరీ మాత్రమే ఇచ్చారు, అదీ లైనక్స్ 2.4 వెర్షన్ కెర్నల్‌కి కంపైల్ చేసింది. ఆ ఒక్క ఫైల్ కోసం ఆ రౌటర్లకి 2.4 కెర్నల్‌ని ఏళ్ళ తరబడి మోయాల్సి వచ్చింది. తర్వాత రివర్స్ ఇంజనీరింగ్‌తో బీ43 డ్రైవర్ వచ్చింది గానీ, అది 54 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. చిప్ 802.11ఎన్ రకమైనా అంతే.

ఏసీ (802.11ఏసీ) తరం చిప్‌లలో కథ రెండుగా చీలింది. బీసీఎం43602, బీసీఎం4366 లాంటివి సొంత బుర్ర ఉన్న చిప్‌లు, వాటిని బీఆర్‌సీఎంఎఫ్‌మ్యాక్ డ్రైవర్ నడిపిస్తుంది. బీసీఎం4360కి మాత్రం పనికొచ్చే ఓపెన్ డ్రైవర్ లేదు. అందుకే నెట్‌గేర్ ఆర్8000లో వై-ఫై వస్తుంది, పేరులో దాని తమ్ముడిలా కనిపించే ఆర్7000లో రాదు.

ఇక్కడ సెట్టింగులతో అయ్యే పని లేదు. దారులు రెండే. బ్రాడ్‌కామ్‌తో ఒప్పందం ఉన్న డీడీ-డబ్ల్యూఆర్‌టీ గానీ, కంపెనీ డ్రైవర్‌నే వాడే ఫ్రెష్‌టొమాటో గానీ వేసుకోవడం ఒకటి. ఆ డ్రైవర్ కోసం ఫ్రెష్‌టొమాటో 2.6.36 కెర్నల్ దగ్గరే ఉండిపోయిందని మాత్రం తెలిసే వేసుకోండి. రెండోది, ఆ పెట్టెని కేబుల్ రౌటర్‌గా వాడుకుని వై-ఫైకి వేరే యాక్సెస్ పాయింట్ పెట్టుకోవడం. నన్నడిగితే రెండోదే నయం.

లక్షణం: మాడ్యూల్ ఎక్కట్లేదు, 'వెర్షన్ మ్యాజిక్' అని ఎర్రర్

మాడ్యూల్ అంటే కెర్నల్‌లోకి విడిగా ఎక్కే డ్రైవర్ ఫైల్. ఎర్రర్ లైన్ జాగ్రత్తగా చదవండి. ఉదాహరణకి, మాడ్యూల్ తనని 5.15.137కి కట్టారంటుంది, కెర్నల్ 5.15.150 ఉండాలంటుంది. చివరి అంకెలే కదా అనిపిస్తుంది. కానీ లైనక్స్ కెర్నల్ లోపలి నిర్మాణాలు వెర్షన్‌కీ వెర్షన్‌కీ మారొచ్చు, అలాగే ఉంటాయన్న హామీ లేదు. సోర్స్ ఉంటే మళ్ళీ కంపైల్ చేస్తాం. బైనరీని ఏం చేస్తాం?

ఒకసారి నేను మొండిగా ఫోర్స్ చేసి ఎక్కించి, బూట్‌లో లోడయ్యేలా కూడా పెట్టాను. రౌటర్ లేవడం, పడిపోవడం, మళ్ళీ లేవడం. చివరికి బూట్ అవుతుండగా లైట్ మిణుకుమనే క్షణంలో రీసెట్ నొక్కి ఫెయిల్‌సేఫ్ అనే అత్యవసర మోడ్‌లోకి వెళ్ళి, 192.168.1.1లో లాగిన్ అయి, 'ఫస్ట్‌బూట్' కొట్టి మొత్తం తుడిచాను.

అధికారిక డ్రైవర్ ప్యాకేజీకే 'కెర్నల్ డిపెండెన్సీ కుదరలేదు' అని వస్తే జబ్బు అదే, మందు తేలిక. స్నాప్‌షాట్ బిల్డ్‌లలో (తరచూ తాజాగా కట్టే పరీక్షా ఇమేజ్‌లలో) ఇది మామూలు: మీరు ఇమేజ్ వేసిన తర్వాత సర్వర్‌లో కొత్త కెర్నల్ వచ్చేసింది. తాజా ఇమేజ్ వేసుకుని వెంటనే ప్యాకేజీలు దించుకోండి.

లక్షణం: డ్రైవర్ ఎక్కింది, రేడియో లేవలేదు

ఏథరోస్ ఏసీ చిప్‌ల ఏథ్10కే డ్రైవర్‌లో ఇది ఎక్కువ. బోర్డ్ డేటా తేలేకపోయానంటూ చివర ఒక అంకె చూపిస్తుంది. మైనస్ 2 అంటే ఫైల్ లేదని. మీ చిప్‌కి చెందిన బ్లాబ్, బోర్డ్ ప్యాకేజీలు వేయండి. సీటీ (క్యాండెలా టెక్ మార్చిన) రకం డ్రైవర్ ఉంటే బ్లాబ్ కూడా సీటీ రకమే వేయండి, రెండూ కలపొద్దు. మైనస్ 12 అంటే మెమరీ చాలలేదని. 64 ఎంబీ రౌటర్లకి స్మాల్‌బఫర్స్ రకం డ్రైవర్ ఉంది, అది వేయండి.

ఫైళ్ళన్నీ ఉన్నా లేవకపోతే కాలిబ్రేషన్ మీద అనుమానపడండి. చాలా ఏథరోస్ రౌటర్లలో అది 'ఏఆర్‌టీ' అనే ఫ్లాష్ పార్టిషన్‌లో ఉంటుంది. బైట్లని అంకెలుగా చూపించే హెక్స్‌డంప్ కమాండ్‌లో చూస్తే అంతా ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌ఎఫ్ అని కనిపించిందా, అది చెరిగిపోయింది. ముందే దాచుకున్న కాపీ తప్ప దానికి సరైన మందు లేదు. ఇంకో రౌటర్ నుంచి తెచ్చి పెడితే లేవొచ్చు గానీ సిగ్నల్ కొలతలు మీ పెట్టెవి కావు, మ్యాక్ అడ్రస్ కూడా దానిదే వస్తుంది. అందుకే ఫ్లాష్ చేసే ముందే ఆ పార్టిషన్ కాపీ తీసి కంప్యూటర్‌లో పెట్టుకోండి.

లక్షణం: 'ఆర్ఏ0' అనే ఇంటర్‌ఫేస్ ఉంది, లూసీకి కనబడదు

మీది మీడియాటెక్ సొంత డ్రైవర్ పెట్టి ఎవరో కట్టిన ఇమేజ్. ఆ డ్రైవర్ సెట్టింగులు పేరు 'డీఏటీ' అని ముగిసే వేరే ఫైల్‌లో ఉంటాయి, మామూలు వైర్‌లెస్ ఫైల్‌లో ఎంత రాసినా దానికి పట్టదు. ఎంటీ76 ఓపెన్ డ్రైవర్ ఉన్న అధికారిక ఇమేజ్‌కి మారండి, మారేటప్పుడు పాత సెట్టింగులు ఉంచుకోవద్దు.

లక్షణం: 5 గిగాహెర్ట్జ్ నిమిషం తర్వాత గానీ రాదు

డ్రైవర్ తప్పేం కాదు. 52 లాంటి ఛానళ్ళలో రాడార్ ఉందేమోనని రేడియో 60 సెకన్లు విని, ఆ తర్వాతే మాట్లాడుతుంది. ఆగలేకపోతే 36 పెట్టుకోండి.