ఒక దేశం అంతర్యుద్ధం వైపు జారుతోందని ముందుగా గుర్తుపట్టడం ఎలా?

గోదావరికి వరద వచ్చినప్పుడు డెల్టాలో అందరి చూపూ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరి నీటిమట్టం మీదే ఉంటుంది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. అయితే రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని ఏటిగట్టు కాపలా తిరిగేవాళ్లు ఊరివైపు వాలును ఎక్కువగా చూస్తారు. గట్టు అడుగున ఊట తేటగా వస్తున్నంతసేపు ఇసుకబస్తాలు దగ్గర పెట్టుకుని కనిపెట్టుకుని ఉంటారు. అదే ఊట బురదరంగుకు తిరిగిందంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. అప్పుడిక ఊరిని లేపుతారు.

గ్రంథాలయంలో వార్తాపత్రికలు చదివే డిగ్రీ విద్యార్థులకు నేను ఇదే పద్ధతి చెబుతాను. భాష, మతం, జాతి, కులం అనే తేడాలు లేని దేశం లేదు, అవి ఏటినీరు. న్యాయస్థానం, ఎన్నిక, చట్టసభ, సైన్యం వంటి ఉమ్మడి ఏర్పాట్లే గట్టు. ఒక దేశాన్ని ఎంచుకుని, నోటుపుస్తకంలో ఒక్కొక్క ఏర్పాటుకూ ఒక పేజీ కేటాయించి, దాని మీద ఏ పక్షానికి ఎప్పుడు నమ్మకం పోయిందో తేదీతో సహా రాసుకుంటూ వెళ్లండి.

మొదట శ్రీలంకతో సాధన చేయడం మంచిది, ఎందుకంటే అక్కడ మట్టి జారిన ప్రతి మెట్టూ స్పష్టంగా కనిపిస్తుంది. 1956లో సింహళాన్ని మాత్రమే అధికార భాషగా చేసిన చట్టం వచ్చింది. సింహళం రాని తమిళ గుమాస్తాకు ఆ రోజు నుంచి భాష అనేది ఉద్యోగం నిలుస్తుందా, పదోన్నతి వస్తుందా అనే ప్రశ్న అయింది. తేడాకు చట్టం ఇలా వెల కట్టిన తేదీని మొదటి పేజీలో రాయండి. అంతకన్నా ముఖ్యమైనది తరువాతి రెండేళ్లలో జరిగింది. 1957లో ప్రధాని బండారనాయకే, తమిళ నాయకుడు చెల్వనాయకం తమిళుల డిమాండ్లపై ఒక రాజీ ఒప్పందానికి వచ్చారు. ప్రతిపక్షం దాన్ని ద్రోహమన్నది. 1958 ఏప్రిల్‌లో సింహళ బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటిముందు బైఠాయించారు. ఆయన ఒప్పందాన్ని రద్దు చేశారు. ఆ మరుసటి నెలలోనే అల్లర్లు చెలరేగాయి. రాజీ కుదిర్చిన నాయకుడిని సొంత పక్షమే నిలబడనివ్వని స్థితి వచ్చిందంటే ఊట రంగు మారినట్టే. నా అనుభవంలో విద్యార్థులు అల్లర్ల తేదీని చక్కగా గుర్తుపెట్టుకుంటారు, రాజీ చెడిన తేదీని మాత్రం వదిలేస్తారు. దయచేసి అలా వదలకండి.

రెండో పేజీ ఎన్నికలది. ఓటమిని ఓడినవాళ్లు ఒప్పుకుంటున్నారా, మళ్లీ గెలవగలమన్న ఆశ వాళ్లకు మిగిలిందా అని చూడండి. 1860 అమెరికా ఎన్నికల్లో పది దక్షిణాది రాష్ట్రాలలో లింకన్ పేరున్న ఓటుచీటీలే పంచలేదు. అక్కడ ఒక్క ఓటూ పడని మనిషి అధ్యక్షుడయ్యాడు. బానిసత్వాన్ని కాపాడుకోవడమే ధ్యేయంగా ఉన్న దక్షిణ కెరొలైనా అదే ఏడాది డిసెంబరు 20న సమాఖ్య నుంచి విడిపోయింది. అంతకు పదిహేనేళ్ల ముందే, క్రైస్తవ శాఖలైన మెథడిస్టులు 1844లో, బాప్టిస్టులు 1845లో బానిసత్వం విషయమై ఉత్తర, దక్షిణాలుగా చీలిపోయారు. ఒకే దేవుణ్ణి కొలిచేవాళ్లు కలిసి ప్రార్థన చేయలేకపోయిన ఆ తేదీలకు నోటుపుస్తకంలో తప్పక చోటివ్వండి.

తరువాత జాబితాలు, మాటలు. రువాండాలో 1930లలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డు మీద జాతి పేరు రాయించారు. 1994 మారణకాండలో రోడ్డు మీద అడ్డుకున్నవాళ్లు ఆ కార్డునే అడిగి చూశారు. అప్పటికే రేడియో అక్కడి టుట్సీ జాతివాళ్లను బొద్దింకలని పిలుస్తూ వచ్చింది. 1983 జులైలో కొలంబో మూకలు ఓటర్ల జాబితాలు పట్టుకుని తమిళుల ఇళ్లు వెతికాయి. మనుషులను పురుగుల పేర్లతో పిలవడం, పేర్ల జాబితాలు చేతులు మారడం ఒకేసారి కనిపిస్తే ఆలస్యం చేయకూడని హెచ్చరికగా తీసుకోండి.

సైన్యం గురించి ఒక్క ప్రశ్న చాలు: ప్రభుత్వానికి కాక పక్షానికి విధేయంగా ఉండే తుపాకులు దేశంలో ఉన్నాయా? లెబనాన్‌లో 1932 తరువాత అధికారిక జనగణనే జరగలేదు, ఎందుకంటే మతవర్గాల మధ్య పదవుల పంపకం ఆ లెక్క మీదే ఆధారపడింది. ప్రతి వర్గం సొంత సాయుధ దళాన్ని పెంచుకుంది. 1975లో యుద్ధం మొదలయ్యాక మరుసటి ఏడాదికే సైన్యం కూడా చీలిపోయింది.

నిప్పురవ్వను చివర రాయండి. 1861లో అమెరికాలో సమ్టర్ కోట మీద ఫిరంగి, 1975లో బీరూట్‌లో బస్సు మీద దాడి, 1983లో జాఫ్నా దగ్గర 13 మంది సైనికుల మరణం పుస్తకాలలో పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. ముందు పేజీలు ఖాళీగా ఉంటే ఆ ఘటనలు దుర్ఘటనలుగానే మిగిలేవని నేను నమ్ముతాను.

ప్రతి మంటనూ అంతర్యుద్ధమనుకోవడం కూడా పొరపాటే. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి, కొన్ని రోజులు ఇంటర్నెట్ ఆగిపోయింది. మాకు అది చిన్న గాయం కాదు. కానీ పేజీలు తిప్పి చూస్తే సైన్యం చీలలేదు, కేసులు కోర్టులకే వెళ్లాయి, రెండేళ్ల తరువాత ప్రభుత్వం ఓటుతోనే మారింది. ఏది కొట్టుకుపోయిందో రాసినంత శ్రద్ధగా ఏది నిలిచిందో కూడా రాస్తేనే లెక్క సరిపోతుంది.

చివరి పేజీని రెండు పక్షాలతోనూ ఇంకా మాట్లాడగలిగేవాళ్లకు ఉంచండి. 1983 ఆగస్టులో శ్రీలంక ఆరవ రాజ్యాంగ సవరణ చేసి, ప్రత్యేక దేశాన్ని కోరబోమని సభ్యులందరూ ప్రమాణం చేయాలన్నది. తమిళ ఐక్య విమోచన కూటమి సభ్యులు అందుకు ఒప్పుకోక పార్లమెంటులో స్థానాలు కోల్పోయారు. యుద్ధం 2009 మే దాకా సాగింది. ఆ 1983 ఆగస్టును ఎర్రసిరాతో రాసుకోండి.