మిషన్ పక్కన ఉయ్యాల

నాకు అనంతపురం పాతూరులో టైలర్ అంగడి ఉంది. అంగడంటే మా ఇంటి ముందుగదే. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, దూలానికి చీర ఉయ్యాల. మా ఆవిడ గార్లదిన్నె వైపు ఒక ఊళ్లో గవర్నమెంటు టీచరు. పాప పుట్టినప్పుడు ఇచ్చిన 180 రోజుల ప్రసూతి సెలవు అయిపోయిన మరుసటి రోజు ఆమె ఏడున్నర బస్సెక్కి వెళ్లిపోయింది. ఉయ్యాల్లో పాప, మిషన్ మీద నేను. ఇప్పుడు పాపకు ఆరేళ్లు, తమ్ముడికి రెండున్నర. ఇద్దరినీ పగలంతా చూసుకున్నది నేనే.

పోయిన నెల ఒక కుర్రాడు ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు. పని అయిపోయినా లేవడు. చివరికి బయటపెట్టాడు: "అన్నా, మా ఆవిడ సచివాలయంలో డ్యూటీకి పోవాల. వచ్చే నెల నుంచి పాపను నేనే చూసుకోవాల. నువ్వు ఎట్ల చేస్తివి?" అతనికి చెప్పిందే కాస్త తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు "సాయం చేస్తా" అనడం మానేయండి. నేనూ మొదట్లో సాయమే చేశాను. ఆ సాయం ఏమిటంటే, గుడ్డ ఎక్కడుంది, నీళ్లు ఎంత వేడి ఉండాలి, ఇప్పుడు పాలా నిద్రా అని రోజుకు నలభైసార్లు అడగడం. బాలింతకు ఆ జవాబులు చెప్పడం కంటే తనే చేసుకోవడం సులువు. సెలవు ఇంకా రెండు నెలలుందనగానే ఏదో ఒక్క పని మొదటి నుంచి చివరిదాకా మీరు తీసుకోండి. సామాను కొనడం, అయిపోవస్తోందని గమనించడం, చేయడం, కడిగి ఎత్తిపెట్టడం, అంతా మీదే. అది చేతికొచ్చాక ఇంకొకటి.

నేను మొదట తీసుకున్నది గుడ్డలు. మా నాయన పాత నూలు పంచెలను రెండడుగుల చదరాలుగా కోసి, అంచులు మడిచి కుట్టి, పిన్నీసు పెట్టే చోట చిన్న నాడాలు వేశాను. పిన్నీసు ఊడి బిడ్డకు గుచ్చుకుంటుందన్న భయం పోయింది. రెండు డజన్లు ఉంటే మన ఎండకు ధారాళంగా సరిపోతాయి. రాత్రికి, బస్సు ప్రయాణానికి మాత్రం డైపరే. ఈ పని నా చేతిలో ఉండబట్టే ఇంకో మేలు జరిగింది. పాపకు ఆరో వారంలో ఏడుపు ఎక్కువైంది. "పాలు చాలక ఏడుస్తాంది, డబ్బా పాలు పట్టండ్రా" అని మా అమ్మ మొదలుపెట్టింది. మా ఆవిడకు కళ్లల్లో నీళ్లు. నేను దండెం దగ్గరికి వెళ్లి గుడ్డలు లెక్కపెట్టాను. మొదటి వారం దాటాక రోజుకు ఆరు గుడ్డలకు తగ్గకుండా తడుస్తూ, బిడ్డ బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఆ రోజు తొమ్మిది ఉన్నాయి. ఆరో వారం చుట్టుపక్కల పిల్లలు ఎక్కువగా ఏడవడం మామూలేనని, మూడు నాలుగు నెలలకు అదే తగ్గుతుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

అనంతపురం ఎండ చూసి బిడ్డకు గొంతు ఎండుతుందేమోనని చెంచాడు నీళ్లు పట్టాలనిపిస్తుంది. ఆరు నెలలు నిండేదాకా వద్దు. తల్లిపాలల్లోనే కావాల్సినన్ని నీళ్లుంటాయి, తల్లి బాగా నీళ్లు తాగితే చాలు. ఏడాది లోపు తేనె అసలే వద్దు, నాలిక మీద చుక్క కూడా. వస అరగదీసి నాకించడం, ముక్కులో నూనె వేయడం, కళ్లకు కాటుక, గదినిండా సాంబ్రాణి పొగ, వీటి దగ్గర మా అమ్మకూ నాకూ చాలా నడిచింది. చివరికి అరికాలికి దిష్టిచుక్క పెట్టుకోమని ఒప్పందం. మీ ఇంట్లో వాదించకండి, "డాక్టరమ్మ వద్దనింది" అనండి. పెద్దవాళ్లకు కొడుకు మాట కంటే తెల్లకోటు మాట బరువు.

సెలవు అయ్యాక అసలు గండం పాలు. మా ఆవిడ పొద్దునే తన పాలు పిండి, మూత ఉన్న స్టీలు గ్లాసులో పెట్టి వెళ్లేది. ఫ్రిజ్ లోపలి భాగంలో పెడితే నాలుగు రోజుల వరకు ఉంటాయి, తలుపులో పెట్టకండి. 25 డిగ్రీల చల్లని గదిలోనైతే బయట నాలుగు గంటలు ఆగుతాయంటారు. మే నెలలో మన గదుల్లో ఆ చల్లదనం ఎక్కడిది? అందుకని తాగేముందే తీయాలి. పొయ్యి మీద కాచకూడదు. వేడినీళ్ల గిన్నెలో గ్లాసు నిలబెట్టి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూడాలి, గోరువెచ్చగా ఉంటే చాలు. బిడ్డ ఎంగిలి చేసి మిగిల్చినవి మళ్లీ ఫ్రిజ్‌లోకి పోకూడదు.

మా పాప సీసా నోట పెట్టనివ్వలేదు. మూడు రకాల పీకలు కొన్నాను, మూడూ ఉమ్మేసింది. అప్పుడు మా అమ్మ పెట్టెలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది, నేను తాగిన గిన్నే. అందులోనూ మొదటి రోజు సగం పాలు మెడ కిందికే పోయాయి, ఎందుకంటే నేను పోస్తున్నాను. పోయకూడదు. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, మెడ వెనక చెయ్యి ఆనించి, గిన్నె ముక్కును కింది పెదవికి తాకించి, పాలు పెదవికి అందేంత వంచి ఆగాలి. నాలిక బయటికొచ్చి తనే అందుకుంటుంది. నాలుగు గుటకలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆ ఆగేటప్పుడు మీరు గిన్నె వంచితే పొరబోతుంది. పడుకోబెట్టి ఎప్పుడూ పట్టకండి. తాగించడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు మిషన్ ఆగిపోతుందని ముందే లెక్క వేసుకోండి.

ఆరు నెలలకు రాగులు. బజారులో మొలకెత్తిన రాగిపిండి దొరుకుతుంది, కానీ అందులో చక్కెర ఉందేమో చూసి కొనాలి. నేను ఇంట్లోనే చేశాను. కేజీ రాగులు రాళ్లు లేకుండా గాలించి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున నీళ్లు వంచేసి, పలుచటి నూలుగుడ్డలో మూటగట్టి, ఆరిపోకుండా అప్పుడప్పుడు తడి చిలకరించాలి. ఎండాకాలంలో మరుసటి పొద్దుకే తెల్లటి మొలకలు గుడ్డను పొడుచుకుని బయటికొస్తాయి. మూట విప్పగానే పులుపు వాసన వస్తే పారేయండి, కక్కుర్తి వద్దు. నీడలో గలగలమనేదాకా ఆరబెట్టి, సన్నసెగ మీద వేయించి, చల్లారాక పిండిమరకు తీసుకెళ్లాలి. అక్కడ అడగాల్సిన మాట ఒకటుంది: "ఇంతకు ముందు ఏమి ఆడించినారు?" మొదటిసారి నేను అడగలేదు. నాకంటే ముందు ఎవరో మిరపకాయలు ఆడించారు. రుచి చూసింది నేను కాబట్టి సరిపోయింది.

రెండు చెంచాల పిండి చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే పొయ్యెక్కించండి. నీళ్లలాగా జావ కాస్తే కడుపు నిండుతుంది కానీ బలం ఉండదు. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి. మొదట రెండు మూడు చెంచాలే. ఏడాది వరకు ఉప్పు, చక్కెర అక్కర్లేదు, అర చెంచా నెయ్యి వేయండి. తర్వాత మెత్తగా చిదిమిన పప్పన్నం, అరటిపండు, ఉడికించిన గుడ్డు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం వదులుకోకండి. టీచరు భర్తను కదా, అక్కడ వరసలో నిలబడటం నామోషీ అనుకుని నేను మొదటి రెండు నెలలు పోలేదు, అది నా తెలివితక్కువ.

ఇక నేల. పాకడం మొదలుపెట్టిన బిడ్డకు టైలర్ అంగడి కంటే ప్రమాదమైన చోటు లేదు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి, రాత్రి అంగడి కట్టేశాక ఒకసారి, పొద్దున మిషన్ ఎక్కేముందు ఒకసారి గదంతా ఈడుస్తాను. మొదటి రోజు పదకొండు గుండుసూదులు, రెండు విరిగిన మిషన్ సూదులు, ఐదు జాకెట్ హుక్కులు అంటుకొచ్చాయి. ఆ గది శుభ్రంగా ఊడ్చానని అంతకు ముందే మా ఆవిడతో గొప్పగా చెప్పి ఉన్నాను. ప్లాస్టిక్ గుండీలు అయస్కాంతానికి అంటవు, వాటికి మూత బిగుతైన డబ్బా ఒక్కటే దారి. టేపు, నాడాల కట్టలు బిడ్డకు అందేంత కిందికి వేలాడకూడదు, మెడకు చుట్టుకుంటాయి. చీర ఉయ్యాల కూడా బిడ్డ బోర్లాపడి లేవబోయే రోజు వరకే. మీది టైలర్ అంగడి కాకపోయినా నాణెంలాంటి బటన్ బ్యాటరీలు ఇంట్లో ఉంటాయి, వెలిగే బొమ్మల్లో, చిన్న రిమోట్లలో. అది మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవడం మొదలవుతుంది. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, వెంటనే ఆసుపత్రికి పోండి.

కానీ మా ఇంట్లో గండం సూది వల్ల రాలేదు, చెనక్కాయ వల్ల వచ్చింది. ఈ జిల్లాలో ఎవరి కొంగులో చూసినా అవే కదా. పాపకు పద్నాలుగో నెల. జాకెట్ కోసం కూర్చున్న ఒకామె వేయించిన చెనక్కాయ పప్పులు తింటూ, ముద్దొచ్చి పాప చేతిలో రెండు పెట్టింది. నేను కాలర్ తిప్పుతున్నాను. దగ్గు వినిపించింది. పరుగెత్తి నోట్లో వేలు పెట్టి వెతికాను, అదే తప్పు. కనిపించని దాన్ని వేలితో కెలికితే ఇంకా లోపలికి పోతుంది. మా అదృష్టం, పాప గట్టిగా దగ్గి తనే బయటికి తెచ్చేసింది.

శబ్దం వచ్చేలా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. శబ్దమే ఆగిపోయి, ఏడుపు రాక, ముఖం నీలంగా మారుతుంటే ఆలోచించే టైము లేదు. ఏడాది లోపు బిడ్డనైతే ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి ఉంచి, భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో ఐదు నొక్కులు. బయటపడేదాకా మార్చి మార్చి చేయాలి, పక్కవాళ్లను 108కు ఫోన్ చేయమనాలి. ఏడాది దాటితే ఐదు వీపు దెబ్బల తర్వాత, వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికి, పైకి నొక్కాలి. దగ్గు తగ్గాక కూడా పిల్లికూతల్లాగా శబ్దం వస్తుంటే ఆసుపత్రిలో చూపించండి. పప్పు ముక్క ఎక్స్‌రేలో కనిపించదు, అందుకే "చెనక్కాయ తిన్నాడు" అని మీరే నోరు తెరిచి చెప్పాలి.

ఐదేళ్లు వచ్చేదాకా మా ఇంట్లో పిల్లల చేతికి పప్పు గింజలు లేవు. అలాగని చెనక్కాయనే మాన్పించలేదు. మెత్తటి పొడి చేసి ఆరు నెలలు దాటాక జావలో కలిపి పెట్టాను. "పిల్లలకు ఏమీ పెట్టరాదు" అని కాగితం రాసి అంగడి గోడకు అంటించాను. కొందరు నొచ్చుకున్నారు, నొచ్చుకోనీ.

జ్వరాల గురించి పొడుగ్గా రాయను, డాక్టర్లున్నారు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే మాత్రం ఇంట్లో మందు వేసి చూడకుండా నేరుగా ఆసుపత్రికి పోవాలి. పారాసిటమాల్ చుక్కల మందు, సిరప్ ఒకటి కాదు. చుక్కల మందులో ఒక్క ఎం.ఎల్.కు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్‌లో ఐదు ఎం.ఎల్.కు 125 గానీ 250 గానీ. ఒకదాని కొలత ఇంకొకదానికి వాడితే కొంప మునుగుతుంది. డాక్టరు బరువు చూసి రాసిన కొలతను సీసా మీదే పెన్నుతో రాసుకోండి. సెలవు అయ్యాక వచ్చే తొమ్మిదో నెల టీకా మీ వంతే. కార్డు ఎక్కడుందో ఇప్పుడే చూసిపెట్టుకోండి.

విరేచనాలప్పుడు నేను చేసిన పొరపాటు చాలామంది చేస్తారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చింపి గ్లాసు నీళ్లలో చిటికెడు వేసి, మిగతాది మడిచిపెట్టాను. మా వీధి ఆశా కార్యకర్త చూసి తిట్టినంత పని చేసింది. లీటరు ప్యాకెట్ అంటే మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, చెంచా చెంచాగా పట్టి, 24 గంటలయ్యాక మిగిలింది పారబోయాలి. చిక్కగా ఉంటే చెడు, పలుచగా ఉంటే దండగ. దాంతోపాటు జింకు 14 రోజులు, విరేచనాలు ఆగినా సరే. కళ్లు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, ఉచ్చ ఆగిపోయినా, నెత్తురు పడినా ఇంట్లో ఉండకండి.

పని సంగతి అడిగాడు ఆ కుర్రాడు. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది నా సంపాదన సగానికి పడిపోయింది. కటింగ్ పిల్లలు నిద్రపోయినప్పుడే, కాజాలు, హుక్కులు వాళ్లు మేలుకుని ఆడుకునేటప్పుడు. పండగ ముందు కొత్త గుడ్డలు ఒప్పుకోవడం మానేశాను. "ఏమప్పా, ఆయమ్మ సంపాదిస్తాంటే నువ్వు ఉయ్యాల ఊపుతాండావా?" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఇద్దరి ప్యాంట్లు రెండు వారాలు ఆలస్యమయ్యాయి. కావాలని కాదులెండి.

సాయంత్రం ఐదింటికి ఆమె గడపలో కాలు పెట్టగానే బిడ్డను చేతిలో పెట్టి పారిపోకండి. కాళ్లు కడుక్కుని, టీ తాగి కూర్చోనివ్వండి. నేను కొలతల పుస్తకం వెనకవైపు నుంచి బిడ్డ లెక్క రాసేవాణ్ని, ఆమె టీ తాగుతూ అది చదివేది. ఒక రోజు పేజీ ఇలా ఉంది: "9.40 జావ, ఆరు చెంచాలు. 11 నుంచి 12.30 నిద్ర. 1.15 విరేచనం, మామూలే. 2 గంటలకు పాలు. 3.10 జాకెట్ గుండీ నోట్లో పెట్టుకుంది, తీసేశాను."

ఆ చివరి ముక్క రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాశాను. ఆమె చదివి, గ్లాసు కింద పెట్టి, గుండీల డబ్బా మూత ఏదని అడిగింది.