ఓ సాయంత్రం కూర్చుంటే కంప్యూటర్లో అడవి పెంచొచ్చు

చెట్ల మధ్య పోటీ అడవికి ఏ రూపం ఇస్తుందో చూద్దామని ఉద్దానం జీడితోటకి వెళ్లి కొలిస్తే లాభం లేదు. అక్కడ చెట్లు ఎడంగా ఉన్నాయంటే మనం తాడు పట్టి గోతులు తీశాం కాబట్టి. ఎవరూ నాటని అడవి కావాలి, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే అది మీరే చేసుకోవచ్చు.

50 మీటర్ల చదరంలో 400 మొక్కల్ని ఎక్కడ పడితే అక్కడ చల్లి, ఒక్కోదానికి 2 నుంచి 6 సెంటీమీటర్ల లావు ఇవ్వండి. ఇక ఒక్కో చెట్టు మీద పొరుగు చెట్ల ఒత్తిడి ఎంతో కట్టాలి. హెగీ అనే పరిశోధకుడు 1974లో ఇచ్చిన సూత్రం చాలు: 6 మీటర్లలోపున్న ప్రతి పొరుగు చెట్టు లావునీ మన చెట్టు లావుతో భాగించి, మళ్లీ మధ్య దూరంతో భాగించి, అన్నీ కూడాలి. 10 సెంటీమీటర్ల చెట్టుకి 2 మీటర్లలో 30 సెంటీమీటర్లది ఉందనుకోండి, చిన్నదాని మీద ఒత్తిడి 1.5, పెద్దదాని మీద సుమారు 0.17. అదీ అసలు ఆట, కొంచెం ముందున్నది ఇంకా ముందుకే పోతుంది.

ఏటా పెరుగుదలకి 0.8 సెంటీమీటర్లు తీసుకుని, మైనస్ 0.3 ఇంటూ ఒత్తిడికి ఎక్స్‌పోనెన్షియల్ (పైథాన్‌లో exp) కట్టి దాంతో గుణించండి. వరసగా మూడేళ్లు ఏటా 0.1 సెంటీమీటర్ దాటి పెరగనిది చచ్చినట్టే. ఈ అంకెలు నేను ఊరికే పెట్టుకున్నవి, మీ చెట్టు జాతిని కొలిచి మార్చుకోండి.

నేను మొదట చేసిన పొరపాటు చెప్తాను. అంచు చెట్లన్నీ చేనుగట్టు మీద తుమ్మల్లా బలిసిపోతుంటే ఏదో కనిపెట్టేశానని తెగ సంబరపడ్డా, తీరా చూస్తే వాటికి ఒక పక్క పొరుగే లేదు. కుడి అంచుని ఎడమ అంచుకీ, పైదాన్ని కిందదానికీ కలిపేస్తే ఆ గోల పోతుంది.

ఇప్పుడు క్లార్క్-ఎవాన్స్ సూచిక (1954) కట్టండి: ప్రతి చెట్టుకీ దగ్గరి చెట్టు ఎంత దూరమో సగటు తీసి, యాదృచ్ఛికంగా ఉంటే రావాల్సిన దూరంతో భాగించడమే. 400 చెట్లకి ఆ దూరం 1.25 మీటర్లు, చెట్లు తగ్గేకొద్దీ మళ్లీ కట్టాలి. మొదట 1 దగ్గర ఉన్న సూచిక, ఇరుకున పడ్డవి చచ్చేకొద్దీ పైకి పోతుంది, అంటే మిగిలినవి ఎడం ఎడంగా ఉన్నాయన్నమాట. ఇక్కడే ఆగకండి, అన్నే చెట్లని లాటరీ వేసి చంపి కూడా చూడండి, అప్పుడు 1 దగ్గరే ఉంటుంది. ఈ రెండోది చేయకుండా పోటీ వల్లే అంటే నేను నమ్మను.

తల్లి చెట్టు కిందే విత్తనాలు రాలేలా చేస్తే పిల్లలు గుంపు కట్టి సూచికని కిందకి లాగుతాయి, అందుకని పెద్దవాటికీ పిల్లలకీ విడివిడిగా కట్టండి.