ఇంగ్లీష్ వాక్యంలో ఆర్టికల్ తప్పుతోందా? ముందు నౌన్‌ని చూడండి

ఆర్టికల్ దగ్గర ఇరుక్కున్నవాళ్లు 'ఎ' పెట్టాలా 'ది' పెట్టాలా అని తెగ ఆలోచిస్తారు, నౌన్‌ని మాత్రం చూడరు. కౌంటబుల్ నౌన్ (ఒకటి, రెండు అని లెక్కపెట్టగలది) ఏకవచనంలో ఉంటే దాని ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి: ఎ, యాన్, ది, మై, దిస్, ఎవ్రీ, ఏదైనా సరే. ముందు ఇది చూడండి, మిగతావి తర్వాత.

సమస్య: 'ఐ బాట్ ఫోన్.'
ఫోన్ ముందు ఖాళీ. కొత్తగా చెబుతుంటే 'ఎ ఫోన్', ఏ ఫోనో ఎదుటివారికి తెలిస్తే 'ది ఫోన్'. 'మై' పెడితే ఆర్టికల్ అక్కర్లేదు.

సమస్య: 'ది డాగ్స్ ఆర్ లాయల్.'
కుక్కలన్నిటి గురించీ అయితే 'ది' తీసేయండి. వీధి చివర మొరుగుతున్న ఆ నాలుగింటి గురించైతే ఉంచండి.

సమస్య: నియమం ప్రకారమే రాసినా తప్పంటున్నారు.
అసలు చిక్కంతా ఇక్కడే. ఒక సలహా, రెండు సలహాలు అని లెక్కపెట్టే అలవాటుతో 'యాన్ అడ్వైస్' అని రాసేస్తాం. ఇంగ్లీష్‌లో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్, హోంవర్క్ అన్‌కౌంటబుల్, అంటే ఒకటి, రెండు అని లెక్కపెట్టనివి, కాబట్టి వీటి ముందు 'ఎ', 'యాన్' రావు. చివర 'ఎస్' ఉన్న న్యూస్ కూడా అంతే. 'సమ్ అడ్వైస్' అనండి. ఒక్కటే అని చెప్పాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్'.

ఈ జాబితా బట్టీ పట్టినా గండం గడవదు, ఎందుకంటే కొన్ని పదాలు రెండు వైపులా ఉంటాయి. రాసుకునే కాగితం 'పేపర్'. వార్తాపత్రికో పరిశోధనా పత్రమో అయితే 'ఎ పేపర్'. ఉద్యోగంలో గడించిన అనుభవం 'ఎక్స్‌పీరియన్స్'. ఫలానా రోజు ఎదురైన ఘటన 'యాన్ ఎక్స్‌పీరియన్స్'. అందుకే ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల కోసం రాసిన లర్నర్స్ డిక్షనరీలో 'సి' (కౌంటబుల్), 'యు' (అన్‌కౌంటబుల్) గుర్తులను పదం మొత్తానికి కాకుండా మీకు కావాల్సిన అర్థం పక్కన చూడాలి. ఎడ్జెక్టివ్ చేరినా లెక్క మారవచ్చు: 'ఐ హ్యాడ్ బ్రేక్‌ఫాస్ట్', కానీ 'ఐ హ్యాడ్ ఎ హెవీ బ్రేక్‌ఫాస్ట్'. అది చూసి 'ఎ గుడ్ అడ్వైస్' అనకండి, అడ్వైస్ ఎప్పటికీ లొంగదు.

సమస్య: 'ఎ' బదులు 'యాన్', 'యాన్' బదులు 'ఎ'.
స్పెల్లింగ్ వదిలేసి పైకి చదవండి, పదం అచ్చు శబ్దంతో మొదలైతే 'యాన్', లేకపోతే 'ఎ': యాన్ అవర్, ఎ యూనివర్సిటీ, యాన్ ఎంబీఏ.

నదుల పేర్లకు 'ది' ఉంటుంది, విడి శిఖరాలకు సాధారణంగా ఉండదు: ది నైల్, మౌంట్ ఎవరెస్ట్. ఇలాంటివి అవసరమొచ్చినప్పుడు చూసుకుంటే సరిపోతుంది.