ఆరు రుచులు ఆరే అని ఆంటాలజీకి కోడ్‌తో ఎలా చెప్పాలి?

జావాలోనో పైథాన్‌లోనో ఈనమ్ (ముందే ఖాయమైన విలువల జాబితా) రాసిన అలవాటు ఉంటే, ఓల్ (వెబ్ ఆంటాలజీ లాంగ్వేజ్) ఆంటాలజీలో, అంటే ఒక రంగంలోని వస్తువుల్నీ వాటి సంబంధాల్నీ మెషీన్‌కి అర్థమయ్యేలా రాసుకున్న వివరణలో, జాబితా క్లాస్ చూడగానే "ఓ, ఇదీ అదే కదా" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, అందుకే మొదటి రెండు రోజులు వృథా అయ్యాయి. ఈనమ్‌లో లేని విలువ ఇస్తే కంపైలర్ అక్కడికక్కడే తిడుతుంది. ఆంటాలజీ తిట్టదు, కూర్చుని ఆలోచిస్తుంది. ఈ ఒక్క తేడా బుర్రకెక్కితే మిగతాదంతా పది లైన్ల పని.

ఉదాహరణకి షడ్రుచులు తీసుకుందాం. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఏడోది లేదు. ఇలా సభ్యులందరి పేర్లూ చెప్పేసి "ఈ క్లాస్ అంటే వీళ్లే, ఇంకెవరూ లేరు" అనడానికి ఓల్‌లో 'వన్ ఆఫ్' అనే నిర్మాణం ఉంది. 2004 ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఓల్‌ను ప్రమాణంగా ప్రకటించినప్పటి నుంచీ ఉన్నదే. అప్పటి గైడ్‌లో వైన్ రంగులతో చూపించారు: తెలుపు, రోజే, ఎరుపు. మనకి ఉగాది పచ్చడి చాలు.

కావాల్సినవి: పైథాన్, ఓల్‌రెడీ2 లైబ్రరీ (పిప్‌తో ఇన్‌స్టాల్ అయిపోతుంది), మెషీన్‌లో జావా. పైథాన్ పనికి జావా ఎందుకంటారా? హెర్మిట్ అనే రీజనర్ (రాసిన వాటి నుంచి కొత్త విషయాలు తేల్చి, వైరుధ్యాలు పట్టే ప్రోగ్రామ్) ఓల్‌రెడీతో పాటే వస్తుంది, కానీ అది జావా ప్రోగ్రామ్. జావా లేకపోయినా ఫైల్ తయారవుతుంది, రీజనర్ దగ్గరకి వచ్చేసరికి ఆగిపోతుంది.

కోడ్‌ని ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నా. కీవర్డ్‌లు, లైబ్రరీ పేర్లు మీ ఎడిటర్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే కొట్టాలి. వేరియబుల్ పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఒక్క జాగ్రత్త: "మార్క్‌షీట్" లాంటి మాటల మధ్య పొల్లు విడిగా కనపడటానికి కీబోర్డ్ పెట్టే కంటికి కనపడని అక్షరం పేరులో దూరితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. లైన్ వంద సార్లు చూసినా తప్పు కనపడదు. అలాంటి చోట అండర్‌స్కోర్ వాడండి.

మొదట సభ్యుల పేర్లు

కోడ్ కంటే ముందు ఇక్కడ కాస్త ఆగాలి. తెలుగులో ఉప్పు అంటే రుచీ, డబ్బాలోని ఉప్పూ. కారం కూడా అంతే, రుచీ అదే, పొడీ అదే. మనకి సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది, మెషీన్‌కి అవదు. నేను రుచుల ఫైల్ ఒకటి, వంట సామాన్ల ఫైల్ ఒకటి విడివిడిగా రాసుకుని, రెండిట్లోనూ ఉప్పుకి ఒకే ఐఆర్ఐ (వెబ్ అడ్రస్ లాంటి గుర్తింపు) ఇచ్చాను. రెండూ కలిపి లోడ్ చేస్తే వంట సామాన్లలోని ఉప్పు పోయి రుచుల్లో కూర్చుంది. పైగా సామాను, రుచి వేర్వేరు క్లాసులని ముందే చెప్పి ఉన్నానేమో, మొత్తం ఆంటాలజీయే వైరుధ్యంలో పడింది. అందుకే ఇప్పుడు ఉప్పు_రుచి, కారపు_రుచి అని రాస్తాను. చూడ్డానికి బాగోదు, కానీ గొడవ ఉండదు.

ఇప్పుడు కోడ్

ఫ్రమ్ ఓల్‌రెడీ2 ఇంపోర్ట్ *
ఆంటో = గెట్_ఆంటాలజీ("హెచ్‌టీటీపీ://ఎగ్జాంపుల్.ఆర్గ్/రుచులు#")
విత్ ఆంటో:
    క్లాస్ రుచి(థింగ్): పాస్
    తీపి = రుచి("తీపి")
    పులుపు = రుచి("పులుపు")
    ఉప్పు_రుచి = రుచి("ఉప్పు_రుచి")
    కారపు_రుచి = రుచి("కారపు_రుచి")
    చేదు = రుచి("చేదు")
    వగరు = రుచి("వగరు")
    ఆరు = [తీపి, పులుపు, ఉప్పు_రుచి, కారపు_రుచి, చేదు, వగరు]
    రుచి.ఈక్వివలెంట్_టు.అపెండ్(వన్ఆఫ్(ఆరు))

క్లాస్ తయారైంది. చివరి లైన్‌లో 'ఈక్వివలెంట్_టు' బదులు 'ఈజ్_ఎ' అని రాసిన ఉదాహరణలు కూడా కనపడతాయి, అదీ తప్పు కాదు. 'ఈజ్_ఎ' రాస్తే "రుచి అనేది ఏదైనా ఈ ఆరులో ఒకటై ఉండాలి" అని ఒకవైపు మాత్రమే చెప్పినట్టు. 'ఈక్వివలెంట్_టు' రాస్తే "ఈ ఆరూ రుచులే" అన్న రెండో వైపు కూడా వస్తుంది. పైన ఆరింటినీ రుచి కిందే పుట్టించాం కాబట్టి మన కోడ్‌లో ఫలితం ఒకటే. సభ్యులు వేరే ఫైల్ నుంచి వస్తుంటే మాత్రం తేడా పడుతుంది. నేనైతే ఎప్పుడూ రెండోదే రాస్తాను.

ఏడో రుచిని తోసి చూడండి

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. విత్ బ్లాక్ లోపలే ఇంకో లైన్ కలిపి, బ్లాక్ బయట రీజనర్‌ని పిలవండి:

    ఘాటు = రుచి("ఘాటు")
సింక్_రీజనర్()

ఎర్రర్ వస్తుందని చూస్తారు. రాదు. అంతా సవ్యంగా ఉందంటుంది రీజనర్. "ఆరే అని చెప్పాను కదా!" అని నేను స్క్రీన్ మీద గట్టిగానే అరిచాను. తప్పు దానిది కాదు. ఓల్‌లో రెండు పేర్లున్నంత మాత్రాన రెండు వస్తువులున్నట్టు కాదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో చిన్ని అని పిలిచే అమ్మాయికి బళ్లో లక్ష్మి అని పేరుంటుంది, రెండు పేర్లు, మనిషి ఒక్కరే. రీజనర్ కూడా అలాగే అనుకుంటుంది: "ఘాటు ఒక రుచి అన్నావు, రుచులు ఆరే అన్నావు, అయితే ఆ ఆరింటిలో దేనికో ఇది ఇంకో పేరై ఉంటుంది, ఏదో నాకు తెలీదు." కారానికే ఘాటు అని ఇంకో పేరు అనుకున్నా దానికి అభ్యంతరం లేదు. నిజానికి మన ఇళ్లలో చాలామంది అనేదీ అదే!

ఇంకా విచిత్రం ఏంటంటే, ఆ ఆరు పేర్లూ ఒకే రుచివైనా దానికి ఇబ్బంది లేదు. తీపి, చేదు ఒకటే అయి ఉండొచ్చు అనుకుంటుంది పాపం. కాబట్టి విత్ బ్లాక్‌లో ఈ లైన్ తప్పనిసరి:

    ఆల్‌డిఫరెంట్(ఆరు)

ఇది రాసినా ఘాటు ఇంకా తప్పించుకుంటుంది, ఎందుకంటే ఆ ఆరూ ఒకదానికొకటి వేరని చెప్పామే తప్ప ఘాటు వాటికంటే వేరని చెప్పలేదు. ఇప్పుడు ఆల్‌డిఫరెంట్(ఆరు + [ఘాటు]) అని రాసి రీజనర్‌ని నడపండి. అప్పుడు పైథాన్ ఇన్‌కన్సిస్టెంట్ ఆంటాలజీ ఎర్రర్‌తో ఆగుతుంది. ఆ ఎర్రర్ చూస్తే కలిగే సంతోషం మామూలుది కాదు. చూశాక ఘాటు లైన్లు రెండూ తీసేసి, ప్రోగ్రామ్‌ని మొదటి నుంచి నడపండి. మెమరీలో అది మిగిలిపోతే తర్వాతి పరీక్షలన్నీ పాడవుతాయి.

పచ్చడితో అసలు పరీక్ష

ఆల్‌డిఫరెంట్ ఎందుకంత ముఖ్యమో లెక్క దగ్గర తెలుస్తుంది. ఇవి కూడా విత్ బ్లాక్‌లోకే:

    క్లాస్ రుచి_ఉంది(ఆబ్జెక్ట్‌ప్రాపర్టీ): పాస్
    క్లాస్ పచ్చడి(థింగ్): పాస్
    క్లాస్ షడ్రుచుల_పచ్చడి(పచ్చడి):
        ఈక్వివలెంట్_టు = [పచ్చడి & రుచి_ఉంది.మిన్(6, రుచి)]
    ఉగాది_పచ్చడి = పచ్చడి("ఉగాది_పచ్చడి")
    ఉగాది_పచ్చడి.రుచి_ఉంది = ఆరు

వేప పువ్వు, బెల్లం, చింతపండు, మామిడి ముక్కలు, ఉప్పు, మిర్చి అన్నీ వేశాం కాబట్టి ఆరు రుచులూ రాసిచ్చాం. రీజనర్‌ని నడిపితే ఉగాది_పచ్చడి తనంతట తానే షడ్రుచుల_పచ్చడి క్లాస్‌లోకి వెళ్లాలి. ఆల్‌డిఫరెంట్ లైన్ తీసేసి మళ్లీ నడపండి, వెళ్లదు. ఆరు పేర్లు చూసింది గానీ ఆరు రుచులు ఉన్నాయని దానికి నమ్మకం లేదు. రెండు రకాలుగానూ నడిపి చూస్తే కానీ ఇది ఒంటికి పట్టదు.

సేవ్ చేసిన ఫైల్‌ని చేత్తో కెలక్కండి

ఆంటో.సేవ్ పిలిస్తే ఆర్‌డీఎఫ్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్ వస్తుంది. ట్రిపుల్స్‌గా (కర్త, సంబంధం, విలువ అనే మూడు ముక్కల వాక్యాలుగా) చూస్తే జాబితా గొలుసులా ఉంటుంది: ప్రతి లింకుకీ 'ఫస్ట్' అంటే ఈ సభ్యుడు, 'రెస్ట్' అంటే మిగతా గొలుసు, చివర 'నిల్'. ఆరు రుచులకి ఆ గొలుసు ఒక్కటే పన్నెండు ట్రిపుల్స్. మధ్యలో ఒక కొక్కెం తెగితే తర్వాతి సభ్యులు గల్లంతే. మార్పులు కోడ్‌లో చేసి మళ్లీ సేవ్ చేయండి.

జావాలో అపాచీ జెనా లైబ్రరీ వాడేవాళ్లకి దాని ఆంటాలజీ ఏపీఐలో క్రియేట్‌ఎన్యుమరేటెడ్‌క్లాస్ అని నేరుగా ఒక మెథడ్ ఉంది. పేరు ఇచ్చి, జాబితా చోట నల్ ఇచ్చి, ఆ తర్వాత యాడ్‌వన్ఆఫ్‌తో ఒక్కొక్కరినీ కలుపుకుంటూ పోవచ్చు. జెనాతో వచ్చే రీజనర్లు ఓల్ మొత్తానికి సంపూర్ణం కావు, కాబట్టి పైన చెప్పిన పరీక్షలకి హెర్మిట్ లాంటిదే నయం.

సభ్యులు వస్తువులు కాకుండా ఉత్త అంకెలో మాటలో అయితే పని తేలిక. 1, 2, 3 వేర్వేరని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆల్‌డిఫరెంట్ అవసరం లేదు. కానీ భాష ట్యాగ్ పెట్టిన "తీపి", పెట్టని "తీపి" రెండు వేర్వేరు విలువలు, అది గుర్తుంచుకోండి.

ఎక్కడ వాడకూడదు

మారే జాబితాలకి వద్దు. 2016కి ముందు ఎవరైనా తెలంగాణ జిల్లాల క్లాస్‌ని పది పేర్లతో మూసేసి ఉంటే, ఆ ఏడాది అక్టోబర్‌లో 31, 2019లో 33 అయ్యేసరికి వాళ్ల గతేంటి? ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. వాటికి మామూలు క్లాస్ పెట్టి సభ్యుల్ని కలుపుకుంటూ పోవడమే మంచిది. రుచులు, ఋతువులు, వారంలో రోజులు, ఇలాంటివి మూసేయొచ్చు. ఓల్ 2లోని ఈఎల్ అనే కుదించిన ప్రొఫైల్‌లో పని చేస్తుంటే ఇది కూడా కుదరదు, అక్కడ వన్ ఆఫ్‌లో ఒక్క సభ్యుణ్ణే ఒప్పుకుంటారు.

ఇంకొకటి. మీకు కావాల్సింది ఫారంలో డ్రాప్‌డౌన్‌లా "ఈ ఆరు కాకుండా ఏమిచ్చినా తిప్పికొట్టు" అనే కాపలా అయితే, ఓల్‌తో కుస్తీ పట్టకండి. దానికి షాకల్ (డేటా నియమాల ప్రకారం ఉందో లేదో సరిచూసే భాష) ఉంది, 2017లో డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. అందులో 'ఇన్' అని రాసి అవే ఆరు పేర్లిస్తే, ఆ ప్రాపర్టీకి విలువగా ఘాటు వచ్చిన ప్రతి రికార్డునీ పట్టి రిపోర్ట్‌లో చూపిస్తుంది. నేను ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుంటున్నాను, డేటా లోపలికి వచ్చేటప్పుడు షాకల్, వచ్చాక ఆలోచించడానికి వన్ ఆఫ్.